ఇద్దరం సంతకం చేసిన అద్దె ఒప్పందం: భార్యాభర్తలు విడిపోతే ఇల్లు, అడ్వాన్సు ఎవరికి?

ప్రశ్న: కొండాపూర్ అద్దెదారు

సభ్యులకు నమస్కారం. నాకు తెలిసినవాళ్ళు తలా ఒక మాట చెబుతున్నారు కాబట్టి విషయం కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను, మా వారు, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి హైదరాబాద్ కొండాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో రెండు పడక గదుల ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. ఒప్పందం 11 నెలలకు, స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించినది, రిజిస్టరు చేయించనిది. అందులో ఓనర్ గారిని ఒకటో పార్టీగా, మా ఇద్దరినీ కలిపి రెండో పార్టీగా రాశారు. ప్రతి పేజీ కిందా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. నెల అద్దె 34,000 రూపాయలు, అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే 68,000 రూపాయలు. అడ్వాన్సు మా వారి ఖాతా నుంచి వెళ్ళింది, నెలనెలా అద్దె మాత్రం మొదటి నుంచీ నా జీతంలోంచే వెళుతోంది. మొదటి 6 నెలలు ఖాళీ చేయకూడదని, ఆ తర్వాత ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా 2 నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని, ఖాళీ చేసేటప్పుడు రంగులకూ శుభ్రం చేయించడానికీ కలిపి ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయించుకుంటారని షరతులు ఉన్నాయి. ఇప్పటికి 6 నెలలు పూర్తయ్యాయి, 5 నెలలు మిగిలాయి.

మేమిద్దరం విడిపోవాలని నిర్ణయించుకున్నాం. గొడవలు, పోలీసు కేసులు ఏమీ లేవు. పరస్పర అంగీకారంతోనే విడాకులకు వెళ్ళాలనుకుంటున్నాం. ఆయన గచ్చిబౌలిలో స్నేహితుడి గదికి మారారు. నేను మాత్రం అమ్మాయి బడి ఈ వీధి చివరే ఉండడం వల్ల కనీసం ఈ విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా ఇదే ఇంట్లో ఉండదలిచాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా వారు ఓనర్ గారికి వాట్సాప్‌లో "నేను ఖాళీ చేశాను, ఇకపై ఈ ఇంటితో నాకు సంబంధం లేదు, అడ్వాన్సులో నా సగం 34,000 నా ఖాతాకు పంపండి" అని సందేశం పెట్టారు. అది చూసి ఓనర్ గారు నాకు ఫోన్ చేసి, పాత ఒప్పందం ఇక చెల్లదని, నేను ఉండాలంటే 38,000 రూపాయల అద్దెకు, కొత్త అడ్వాన్సుతో నా ఒక్కదాని పేర కొత్త ఒప్పందం రాసుకోవాలని, లేకపోతే ఖాళీ చేయాలని అన్నారు. ఆయన మంచివారే. కానీ ఒంటరిగా ఉండే ఆడమనిషి అద్దె సక్రమంగా కడుతుందా అన్న అనుమానం ఆయన మాటల్లో నాకు వినిపించింది. ఇప్పటిదాకా కట్టింది నేనేనని గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆయన వెళ్ళిపోయినంత మాత్రాన ఒప్పందం రద్దయినట్టేనా? అడ్వాన్సులో సగం ఓనర్ గారు ఇవ్వాలా, నేనివ్వాలా, అసలు ఇప్పుడు ఇవ్వవలసిందేనా? మధ్యలో అద్దె పెంచే హక్కు ఓనర్ గారికి ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: సివిల్ న్యాయవాది, రంగారెడ్డి జిల్లా

మేడమ్ గారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోయాయి. ఒకటి మీ ఇద్దరికీ ఓనర్‌కూ మధ్య ఉన్నది, రెండోది మీకూ మీ వారికీ మధ్య ఉన్నది. ఈ రెంటినీ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడిపోతుంది.

మొదటి లెక్కలో, మీ వారు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోవడం వల్ల గానీ, వాట్సాప్ సందేశం వల్ల గానీ ఒప్పందం రద్దు కాలేదు. మీ ఇద్దరినీ కలిపి ఒకే పార్టీగా రాశారు కాబట్టి మీరు ఉమ్మడి అద్దెదారులు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 ప్రకారం, ఇద్దరు కలిసి ఒక మాట ఇచ్చినప్పుడు, వేరే విధంగా రాసుకుని ఉంటే తప్ప, ఆ మాటను పూర్తిగా నెరవేర్చమని వారిలో ఎవరినైనా అడిగే హక్కు అవతలివారికి ఉంటుంది. అంటే రేపు మీరు అద్దె కట్టకపోతే, ఆ ఇంట్లో లేకపోయినా సరే, మొత్తం 34,000 కట్టమని ఓనర్ మీ వారిని అడగవచ్చు. "నాకు సంబంధం లేదు" అని ఆయన ఏకపక్షంగా రాసుకున్న మాటకు ఓనర్ ఒప్పుకోనంతవరకు విలువ లేదు. అదే కారణంగా ఇల్లు మొత్తాన్ని తిరిగి అప్పగించడమూ ఆయన ఒక్కరి వల్ల కాదు, దానికి మీ సంతకం కూడా కావాలి.

అయితే నోటీసు విషయంలో మీరు జాగ్రత్తగా ఉండాలి. ఉమ్మడి అద్దెదారుల్లో ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ ఇచ్చినట్టేనని సుప్రీంకోర్టు 1989లో హెచ్.సి. పాండే, జి.సి. పాల్ కేసులో చెప్పింది. ఓనర్ ఖాళీ చేయమని మీ వారికి నోటీసు పంపి, ఆయన దాన్ని మీకు చెప్పడం మరిచిపోయినా, నోటీసు మీకు కూడా అందినట్టే లెక్కకు వస్తుంది. కాబట్టి ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలన్నీ మీ చిరునామాకే పంపాలని ఇప్పుడే రాతపూర్వకంగా కోరండి.

అద్దె పెంపు సంగతికి వస్తే, ఒప్పందం అమలులో ఉన్నంతకాలం 34,000ను 38,000 చేసే హక్కు ఓనర్‌కు లేదు, కొత్త అడ్వాన్సు అడిగే హక్కూ లేదు. కానీ మీకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. 6 నెలల తర్వాత 2 నెలల నోటీసుతో ఖాళీ చేయించవచ్చన్న షరతు మీ ఒప్పందంలోనే ఉంది. ఆ 6 నెలలు పూర్తయ్యాయి కాబట్టి ఆయన ఏ కారణమూ చూపకుండా 2 నెలల నోటీసు ఇవ్వవచ్చు. ఈ విషయంలో అద్దె నియంత్రణ చట్టం మీకు అండగా రాదు. మన దగ్గరి 1960 నాటి చట్టం 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు వర్తించదు, ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఆ అద్దెకు స్కూటరు పెట్టుకునే చోటు కూడా దొరకదన్నది వేరే సంగతి. మీ వ్యవహారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి, మీ ఒప్పందం కిందికి వస్తుంది. నోటీసు గడువు ముగిశాక కూడా మీరు ఖాళీ చేయకపోతే ఆయన సివిల్ కోర్టుకే వెళ్ళాలి తప్ప, తాళం వేయడానికి, కరెంటు తీయించడానికి వీల్లేదు. అలా దౌర్జన్యంగా ఖాళీ చేయిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల లోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఈ మాటలు ఆయన్ను బెదిరించడానికి కాదు. ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే సామరస్యంగా మాట్లాడుకోవడం తేలికవుతుందని చెబుతున్నాను.

ఆ సామరస్యానికి సరైన రూపం కొత్త ఒప్పందం కాదు, పాత ఒప్పందానికి అనుబంధంగా ముగ్గురూ సంతకం చేసే ఒక సప్లిమెంటరీ అగ్రిమెంటు. మీ వారు ఫలానా తేదీ నుంచి అద్దెదారుగా తప్పుకుంటున్నారని, ఆ తేదీ తర్వాతి అద్దె బాధ్యత నుంచి ఓనర్ ఆయనను విడుదల చేస్తున్నారని, అడ్వాన్సు ఇకపై మీ పేర ఉంటుందని, మిగతా షరతులు యథాతథమని అందులో రాయాలి. ఓనర్ సంతకం లేకుండా మీరిద్దరే రాసుకున్న కాగితం ఆయనను కట్టిపడేయదు. మీ వారి సంతకం లేకుండా మీరూ ఓనరూ రాసుకుంటే, రేపు ఆయన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి, నేను ఇంకా అద్దెదారునే అంటే కాదనడానికి ఆధారం ఉండదు.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 44 ప్రకారం, ఓనర్ మీ వారిని విడుదల చేసినంత మాత్రాన మీరు విడుదల కారు. అంతేకాదు, మీ పట్ల మీ వారికి ఉన్న బాధ్యత కూడా దానితో తీరిపోదు. ఉదాహరణకు ఆయన ఉన్న కాలానికి చెందిన మరమ్మతు ఖర్చు ఒకటి తరువాత బయటపడి మీరు మొత్తం కట్టవలసి వస్తే, ఆయన వాటా మీకు ఇవ్వాలని అడగవచ్చు. అందువల్ల మీ ఇద్దరి మధ్య లెక్క తేల్చుకున్నామన్న మాట విడిగా రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

అడ్వాన్సు విషయంలో ఓనర్ ఇప్పుడు ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వనక్కరలేదు. అది ఇంటికి హామీగా ఆయన దగ్గర ఉన్న సొమ్ము. ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించినప్పుడే తిరిగి ఇవ్వాలి. సగం ఇల్లు ఖాళీ అయింది కాబట్టి సగం అడ్వాన్సు ఇవ్వాలన్న వాదన నిలవదు. మీ వారికి రావలసింది ఏదైనా ఉంటే అది మీరు ఇవ్వాలి, దానికి బదులుగా అడ్వాన్సు మొత్తం మీ పేరుకు మారాలి.

చివరగా విడాకుల సంగతి. సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఆయన వెళ్ళిపోయిన తేదీని స్పష్టంగా రాయించండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద దరఖాస్తు చేయడానికి ఏడాదిపాటు విడిగా జీవించి ఉండాలి కాబట్టి, ఆ తేదీకి సాక్ష్యంగా కూడా ఆ కాగితం పనికొస్తుంది. ఇంటి ఏర్పాటును విడాకుల ఒప్పందంలో కూడా చేర్చండి. బెంగళూరుకు చెందిన బి.పి. అచల ఆనంద్ కేసులో 2005లో సుప్రీంకోర్టు, భర్త వదిలి వెళ్ళిన అద్దె ఇంట్లో ఉంటున్న భార్య అద్దె కడుతూ, ఖాళీ చేయించే దావాలో తన వాదన వినిపించవచ్చని చెప్పింది. అయితే విడాకులు అయిపోయాక ఆ హక్కు భార్య హోదా నుంచి రాదని, విడాకుల షరతుల్లో నివాసం గురించి ఏం ఉందన్న దాని మీద ఆధారపడుతుందని కూడా చెప్పింది. ఆమె ఓడిపోయింది అందుకే. ఆ కేసులో అద్దెదారు భర్త ఒక్కడే. ఇక్కడ మీ సంతకమే ఉంది కాబట్టి మీ స్థితి ఆమె కంటే గట్టిది. దాన్ని కాపాడుకోండి, తెల్ల కాగితం మీద దేనికీ సంతకం చేయకండి.

గృహహింస నిరోధక చట్టం గురించి మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. 2005 నాటి ఆ చట్టంలో ఉమ్మడి నివాసం అన్న మాటలోకి అద్దె ఇల్లు కూడా వస్తుంది, భర్త ఆ ఇంటిపై తన హక్కు వదులుకోకుండా మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, వేరే ఇంటికి అద్దె కట్టమనీ ఆదేశించవచ్చు. కానీ హింస జరిగిందని తేలితేనే ఆ ఆదేశాలు వస్తాయి. మీరు గొడవలు లేవన్నారు కాబట్టి అనవసరంగా ఆ దారి పట్టించేవారి మాట వినకండి.

సమాధానం: ఇంటి ఓనర్, మియాపూర్

అమ్మా, నేను రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చిన రిటైరైన ఉద్యోగిని. పైన వకీలు గారు రాసింది బాగుంది. ఓనర్ల తరఫు మాట కూడా ఒకటి వినండి, మీ ఓనర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మీ ఓనర్ 38,000 అడగడంలో ఆశ లేదని నేను అనను. మా ప్రాంతంలో ఏ ఫ్లాటు ఖాళీ అయినా కొత్తగా వచ్చేవాళ్ళ దగ్గర పెంచి తీసుకోవడం మామూలైపోయింది. కానీ ఆ మాట వెనుక భయం కూడా ఉంటుంది. నా ఫ్లాటులో ఉండే ఒక జంట విడిపోయినప్పుడు, ఒక ఆదివారం ఉదయం ఆయన చిన్న ట్రక్కు తీసుకొచ్చి ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, మంచం కిందికి దించుతుంటే, ఆమె ఊరెళ్ళి ఉంది. వాచ్‌మన్ నాకు ఫోన్ చేసి ఆపాలా వద్దా అని అడిగాడు. ఇద్దరూ సంతకం చేసినవాళ్ళే, ఎవరి సామాను ఎవరిదో నాకేం తెలుస్తుంది? నేను ఆపితే ఆయన నా మీదికి వస్తాడు, ఆపకపోతే ఆమె వస్తుంది. చివరికి దించిన సామాను ఫొటోలు తీసి ఆమెకు పంపమని, గేటు రిజిస్టరులో ఆయన చేత సంతకం పెట్టించుకోమని మాత్రం చెప్పాను. ఆ తరువాత రెండు నెలలు ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి, అవతలివాళ్ళకు అడ్వాన్సు ఇవ్వవద్దని నాకు చెప్పేవారు.

అందువల్ల మీరు ఓనర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయనకు కావలసిన ధైర్యం ముందే సిద్ధం చేసుకుని వెళ్ళండి. మీ వారి దగ్గర ఉన్న తాళంచెవులు, గేటు కార్డు, పార్కింగు స్టిక్కరు తిరిగి తీసుకున్నట్టు, సామాను ఏది ఎవరిదో తేలినట్టు ఒక కాగితం చూపండి. ఇప్పటిదాకా అద్దె మీ ఖాతా నుంచే వెళ్ళిందని బ్యాంకు స్టేట్‌మెంటులో గీత గీసి చూపండి. మీ మూడు నెలల జీతం స్లిప్పులు ఇవ్వండి. ఒంటరి ఆడమనిషి అన్న అనుమానానికి మాటలతో జవాబివ్వనక్కరలేదు, ఆ స్టేట్‌మెంటు చాలు. గడువు ముగిశాక రెన్యువల్‌లో పెంపు ఎంతో ఇప్పుడే మాట్లాడుకుందాం, మిగిలిన 5 నెలలు పాత అద్దెకే ఉండనివ్వండి అని అడిగితే, నేనైతే ఒప్పుకుంటాను. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే నాకు పోయేది 34,000, ఆయన అడుగుతున్న పెంపు 5 నెలలకు వచ్చేది 20,000. ఈ లెక్క ఆయనకూ తెలుసు.

సమాధానం: నిజాంపేట నుంచి

అక్కా, నాకూ ఇలాగే జరిగింది కాబట్టి ఒప్పందం బయట మిగిలిపోయే వాటి గురించి చెబుతాను. గ్యాసు కనెక్షన్, ఇంటర్నెట్, అపార్ట్‌మెంటు గేటు యాప్ మూడూ మా ఇంట్లో ఆయన పేరనే ఉండేవి. గేటు యాప్‌లో పేరు మార్చుకోనంతవరకు, పనమ్మాయి వచ్చినా, కొరియర్ వచ్చినా అనుమతి అడిగే సందేశం ఆయన ఫోనుకే వెళ్ళేది. నేను ఇంట్లో ఉన్నానా లేదా, ఎవరు వస్తున్నారు అన్నది ఆయనకు తెలుస్తూనే ఉండేది. అసోసియేషన్ ఆఫీసులో ఓనర్ ఉత్తరం అడిగారు. మీరు సప్లిమెంటరీ అగ్రిమెంటు రాయించుకునే రోజే, అపార్ట్‌మెంటు రికార్డుల్లో అద్దెదారు పేరు మార్చమని ఓనర్ చేత అసోసియేషన్‌కు ఒక ఉత్తరం కూడా రాయించుకోండి.

ఇంకొకటి, పాత పన్ను విధానంలో ఉంటే ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు ఎవరు చూపుకుంటున్నారో గమనించండి. ఆ ఇంట్లో ఉండని మనిషి, కట్టని అద్దెకు మినహాయింపు తీసుకుంటే ఆయనకే ఇబ్బంది. మీరు చూపుకోవాలంటే రశీదులు మీ పేర ఉండాలి, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటుతుంది కాబట్టి ఓనర్ పాన్ నంబరు మీ ఆఫీసులో ఇవ్వాలి. మా ఓనర్ పాన్ అడగగానే ముఖం మార్చుకున్నారు, అదీ ముందే మాట్లాడుకోవడం మేలు.

సమాధానం: గచ్చిబౌలి బ్యాచిలర్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నలుగురు స్నేహితులం కలిసి ఉంటున్న ఫ్లాటులో ఒప్పందం నా ఒక్కడి పేరనే ఉంది. ఇద్దరు వెళ్ళిపోతున్నారు. మాకూ ఇదే వర్తిస్తుందా?

సమాధానం: సివిల్ న్యాయవాది, రంగారెడ్డి జిల్లా

వర్తించదు, మీ పరిస్థితి మరో రకం. సంతకం మీ ఒక్కరిదే కాబట్టి ఓనర్‌కు మొత్తం అద్దె బాధ్యత మీ ఒక్కరిదే. మిగిలిన ముగ్గురూ మీ దగ్గర ఉంటున్నవారే తప్ప ఆయనకు అద్దెదారులు కారు. వెళ్ళేవారి అడ్వాన్సు వాటా మీరు ఇచ్చుకోవాలి, కొత్తవారిని చేర్చుకునే ముందు ఇతరులకు అద్దెకివ్వకూడదన్న షరతు మీ ఒప్పందంలో ఉందో లేదో చూసుకోవాలి. ఇది మేడమ్ గారి ప్రశ్న కాబట్టి దీన్ని ఇంతటితో ఆపుతాను, కావాలంటే విడిగా ప్రశ్న పెట్టండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: కొండాపూర్ అద్దెదారు

అందరికీ ధన్యవాదాలు. మియాపూర్ బాబాయి గారు చెప్పినట్టే బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఓనర్ గారిని కలిశాను. రెన్యువల్‌లో అద్దె 36,000 చేయాలని, అప్పటిదాకా 34,000కే ఉండవచ్చని ఒప్పుకున్నారు. సప్లిమెంటరీ అగ్రిమెంటుకు కూడా సరేనన్నారు, కానీ మా వారు స్వయంగా వచ్చి తన ఎదుట సంతకం పెట్టాలంటున్నారు. మా వారేమో ముందు 34,000 తన ఖాతాలో పడితేనే సంతకం పెడతానంటున్నారు, నాతో పాటు ఓనర్ ఇంటికి రావడం తనకు ఇష్టం లేదంటున్నారు. డబ్బు ముందా, సంతకం ముందా? అసలు ఆయనకు ఇవ్వవలసింది 34,000 అవునా కాదా?

సమాధానం: సివిల్ న్యాయవాది, రంగారెడ్డి జిల్లా

ముందు లెక్క చూద్దాం. అడ్వాన్సు 68,000లో ఖాళీ చేసే రోజున రంగులకు, శుభ్రానికి ఒక నెల అద్దె పోతుందని మీరే రాశారు. అంటే ఈ రోజు లెక్కన తిరిగి వచ్చేది 34,000 మాత్రమే. అందులో సగం 17,000. మీ వారు 68,000లో సగం అడుగుతున్నారు, అంటే రంగుల ఖర్చు మొత్తం మీ నెత్తిన వేస్తున్నారు. అయితే 17,000 అనడం కూడా ఆయనకు న్యాయం కాదు, ఎందుకంటే మిగిలిన 5 నెలలు ఆ గోడలను వాడుకునేది మీరే. 11 నెలల్లో 6 నెలలు ఇద్దరూ ఉన్నారు కాబట్టి, రంగుల ఖర్చులో ఆ 6 నెలల భాగం సుమారు 18,500 అవుతుంది, అందులో ఆయన సగం సుమారు 9,300. ఆయన వాటా 34,000లోంచి అది తీసేస్తే 24,700 దగ్గర తేలుతుంది. ఇది సగం సగం అన్న మాట మీద వేసిన లెక్క. అడ్వాన్సు ఆయన ఖాతా నుంచి, అద్దె మీ ఖాతా నుంచి వెళ్ళిన సంగతి, ఇతర ఇంటి ఖర్చులు ఎవరు పెట్టారన్న సంగతి మీ ఇద్దరి మొత్తం లెక్కలో తేలాలి. దాన్ని అద్దె ఇంటి కాగితంలోకి తీసుకురాకండి. 25,000 దగ్గర ఒప్పందం కుదిరితే నేను దాన్ని సమంజసమనే అంటాను.

ఇక సంతకం సంగతి. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే రోజు సంతకం పెట్టాలన్న నియమం చట్టంలో లేదు. మీ వారు తన వంతు సంతకాన్ని తనకు వీలైన చోట నోటరీ ఎదుట, ఇద్దరు సాక్షుల సమక్షంలో పెట్టి, ఆధార్ నకలు జతచేసి పంపవచ్చు. మీ ఓనర్ గారికి కావలసింది ఆ సంతకం ఆయనదేనన్న నమ్మకం, అది నోటరీ ముద్రతో, ఒక వీడియో కాల్‌తో తీరుతుంది. డబ్బు విషయంలో ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం తక్కువగా ఉన్నట్టుంది కాబట్టి, నోటరీ దగ్గరికి మీ తరఫున మీ అన్నయ్యనో, నమ్మకమైన బంధువునో పంపండి. ఆయన సంతకం పెట్టిన కాగితం మీ మనిషి చేతికి వచ్చిన నిమిషంలోనే మీరు ఫోను నుంచి డబ్బు బదిలీ చేయండి, బదిలీ వివరాల్లో "అద్దె ఇంటి అడ్వాన్సు వాటా పూర్తి పరిష్కారం" అని రాయండి. నగదు ఇవ్వవద్దు.

కాగితంలో ఉండవలసిన ముఖ్యమైన వాక్యం ఇలా రాయించండి: "రెండో పార్టీలో ఒకరైన ఫలానావారు ఫలానా తేదీన ఇంటి నుంచి వెళ్ళిపోయి, ఆ తేదీ నుంచి ఈ ఇంటిపై తమకున్న అద్దె హక్కులన్నీ వదులుకున్నారు. ఆ తేదీ వరకు అద్దె, మెయింటెనెన్సు, కరెంటు బిల్లు బాకీ లేవని ఒకటో పార్టీ ఒప్పుకుంటూ, ఆ తరువాతి బాధ్యతల నుంచి వారిని విడుదల చేస్తున్నారు. ఒకటో పార్టీ వద్ద ఉన్న 68,000 రూపాయల అడ్వాన్సు ఇకపై ఇంట్లో కొనసాగుతున్న అద్దెదారుకు మాత్రమే, అసలు ఒప్పందంలోని మినహాయింపులకు లోబడి, తిరిగి చెల్లించాలి. ఒప్పందం గడువు, అద్దె, మిగతా షరతులు మారలేదు." రెన్యువల్‌లో 36,000 అన్న మాటను కూడా ఇందులోనే ఒక వాక్యంగా చేర్చించండి, నోటి మాట మీద వదలకండి. మూడు ప్రతులు తీయించి ముగ్గురి దగ్గరా ఒక్కొక్కటి ఉంచండి. ఓనర్ గారి సంతకం పడ్డ ప్రతి మీ చేతికి వచ్చాకే అసోసియేషన్‌కు ఉత్తరం పంపండి, గేటు యాప్‌లో పేరు మార్పించండి.